చంద్రయాన్‌కి వచ్చిన జనం తర్వాత ఎటు పోయారు? ఒక ఖగోళ సంఘం ప్రసంగాల కేస్ స్టడీ

సైన్స్ సంఘాలు జనం కోసం నడిపే కార్యక్రమాలకు సలహాలిస్తూ, అవసరమైతే కుర్చీలు కూడా సర్దుతూ కొన్నేళ్లుగా తిరుగుతున్నాను. ఈ కేసు కోస్తాలోని ఒక జిల్లా కేంద్రానిది. అక్కడ ఔత్సాహిక ఖగోళ పరిశీలకుల సంఘం ఒకటుంది. ఊరి పేరు, సంఘం పేరు రాయడం లేదు. మనుషుల వివరాలు ఒకటి రెండు చోట్ల మార్చాను. తేదీలు మాత్రం మార్చలేదు. తేదీ మారిస్తే ఆకాశం తప్పుతుంది.

నేపథ్యం

సంఘం పెట్టి పదేళ్లు దాటింది. అధ్యక్షుడు జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పి రిటైరైన లెక్చరర్. ఊళ్లో అందరికీ ఆయన మాస్టారే. ఒక మందుల షాపు ఓనరు, ఇద్దరు బ్యాంకు ఉద్యోగులు, ఒక ఎలక్ట్రీషియన్, ఇంజనీరింగ్ చదివే కుర్రాళ్లు అయిదారుగురు సభ్యులు. 8 అంగుళాల డాబ్సోనియన్ (అద్దంతో పనిచేసే, చేత్తో తిప్పుకునే టెలిస్కోప్) ఒకటి, చిన్న రిఫ్రాక్టర్ (కటకాల టెలిస్కోప్) ఒకటి, రెండు బైనాక్యులర్లు వాళ్ల ఆస్తి. ప్రతి నెలా మూడో ఆదివారం సాయంత్రం 5 గంటలకు టౌన్ హాల్లో ఉచిత ప్రసంగం, అది అయ్యాక హాలు డాబా మీద టెలిస్కోప్. ఏళ్ల తరబడి ఇదే పద్ధతి. పాతిక, ముప్పై మంది వచ్చేవాళ్లు. అది చాలనుకునేవాళ్లు కూడా.

2023 ఆగస్టుతో కథ మారింది. ఆ నెల మూడో ఆదివారం 20వ తేదీ. విక్రమ్ ల్యాండర్ చంద్రుడి మీద దిగడానికి ఇంకా మూడు రోజులుంది. రష్యా పంపిన లూనా-25 కూలిపోయిందన్న వార్త ఆ రోజే బయటికొచ్చింది. మాస్టారు చంద్రయాన్-3 గురించి మాట్లాడతారని తెలిసి హాలు నిండింది, మెట్ల మీద కూడా కూర్చున్నారు. 23 సాయంత్రం 6:04కి ల్యాండర్ దిగినప్పుడు అదే హాల్లో పెద్ద తెర మీద చూపించారు. ఆ రోజు లోపలికి వచ్చినవాళ్లకంటే బయట నిలబడ్డవాళ్లే ఎక్కువట.

ఆ తర్వాత నెల నెలా జనం పలచబడుతూ, డిసెంబరుకల్లా మళ్లీ పాతిక మందే మిగిలారు. ముందు చాలనుకున్న పాతికే, ఆగస్టు చూసిన కళ్లకు అవమానంగా కనిపించింది.

నా దగ్గరికి వచ్చిన సమస్య

2024 జనవరిలో కార్యదర్శి ఫోన్ చేసి, "జనంలో ఆసక్తి చచ్చిపోయిందండీ, పెద్ద స్పీకర్ ఎవరైనా ఉంటే చెప్పండి" అన్నారు.

ముందు క్యాలెండర్ తీశాను. సెప్టెంబరు మూడో ఆదివారం 17, వినాయక చవితి ముందురోజు. ఊరంతా పత్రి, మట్టి బొమ్మల కోసం బజార్లో ఉంది. అక్టోబరు 15, దసరా నవరాత్రుల మొదటి రోజు. నవంబరు 19, క్రికెట్ ప్రపంచకప్ ఫైనల్. ఆ సాయంత్రం అయిదింటికి శుక్రగ్రహం గురించి వినడానికి నలుగురు వచ్చారంటే, ఆ నలుగురికీ దండ వెయ్యాలి. డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది, 17న జరిగిన సభకు ఊరు పూర్తిగా తేరుకోనేలేదు. మధ్యలో అక్టోబరు 28 రాత్రి పాక్షిక చంద్రగ్రహణానికి ప్రత్యేక కార్యక్రమం పెట్టారు. గ్రహణం పట్టింది తెల్లవారితే 29 అనగా రాత్రి 1:05కి, అదీ చంద్రుడి అంచు మీద చిన్న కొరుకుడు. అర్ధరాత్రి దాటాక దాని కోసం ఎవరొస్తారు?

ఇన్ని కారణాలు వరసగా దొరికితే అక్కడితో ఆగిపోవాలనిపిస్తుంది. నాకు అనుమానం తీరలేదు. పండగలు, క్రికెట్ జనాన్ని ఒక నెల ఆపగలవు. నిజంగా రావాలనుకున్నవాడు తర్వాతి నెల వస్తాడు. ఇక్కడ అలా తిరిగి వచ్చినవాళ్లున్నారా అన్నది ఎవరూ చూడలేదు. హాల్లో ఎన్ని తలలున్నాయో లెక్కపెట్టి, ఫొటో తీసి గ్రూపులో పెట్టడమే జరుగుతోంది.

నేను చూసిన మొదటి సభ

జనవరి 21న వెళ్లాను. 'నక్షత్రాలు పుట్టే చోటు' అన్నది విషయం. మాస్టారు చక్కగా చెప్పారు. తెర మీద హబుల్, జేమ్స్ వెబ్ అంతరిక్ష టెలిస్కోపులు తీసిన ఓరియన్ నెబ్యులా (నక్షత్రాలు పుట్టే వాయు మేఘం) ఫొటోలు ఎరుపు, ఊదా రంగుల్లో వెలిగిపోతుంటే జనం నోరు తెరుచుకుని చూశారు. ప్రసంగం గంటన్నర సాగింది. సన్మానం, శాలువా, వందన సమర్పణ అయ్యేసరికి ఏడు దాటింది. డాబా ఎక్కేసరికి సగం మంది ఇళ్లకు వెళ్లిపోయారు.

పైన కుర్రాళ్లు డాబ్సోనియన్‌ని అదే నెబ్యులా మీద పెట్టారు. ఆ రోజు పుష్య శుద్ధ ఏకాదశి, చంద్రుడు దాదాపు నిండుగా, ఓరియన్ నక్షత్రమండలానికి కాస్త ఎగువనే ఉన్నాడు. వరసలో మొదటి మనిషి కన్ను పెట్టాడు, తీశాడు, మళ్లీ పెట్టాడు. "కొంచెం పొగలాగా ఉందండీ. కలర్లేవి?" అన్నాడు. "అది కెమెరాతో తీస్తేనే కనిపిస్తుంది సార్" అన్నాడు కుర్రాడు. ఆ మనిషి మర్యాదగా నవ్వి, భార్య చూస్తానంటున్నా ఆగకుండా ఆమెను కూడా తీసుకుని కిందికి దిగిపోయాడు.

కుర్రాడు చెప్పింది నిజమే. మసక వెలుతురులో మన కంట్లో పనిచేసే కణాలకు రంగు తెలియదు. కెమెరా గంటల తరబడి వెలుగు పోగేసుకుంటుంది. కన్ను ఏ క్షణం వెలుగును ఆ క్షణమే చూస్తుంది. కానీ ఈ మాట ముందు చెప్తే జ్ఞానం, తర్వాత చెప్తే సాకు. గంట ముందు అదే సంఘం అదే వస్తువును ఏడు రంగుల్లో చూపించి ఉంది మరి. తమ టెలిస్కోప్‌కి తామే పోటీ తెచ్చిపెట్టుకున్నారు.

అప్పటికే చేసి చూసినవి

సంఘం చేతులు ముడుచుకుని కూర్చోలేదు. డిసెంబరులో స్కూళ్లకు క్విజ్, సర్టిఫికెట్లు పెట్టారు. పిల్లలొచ్చారు. తల్లిదండ్రులు బయట బండ్ల మీద కూర్చుని ఫోన్లు చూసుకున్నారు. సర్టిఫికెట్ అందగానే హాలు ఖాళీ.

ఫిబ్రవరిలో, కార్యదర్శి కోరిక ప్రకారమే, ఒక జాతీయ స్థాయి సంస్థ నుంచి శాస్త్రవేత్త వచ్చి గురుత్వ తరంగాల గురించి ఇంగ్లిష్‌లో మాట్లాడారు. ఊరంతా ఫ్లెక్సీలు, లోకల్ కేబుల్ టీవీలో స్క్రోలింగ్. నేను అడ్డు చెప్పలేదు. "స్పీకర్ పెద్దవాడైతే జనం వస్తారు" అన్న నమ్మకం వాళ్లలో బలంగా ఉంది. ఒకసారి జరిగి చూస్తే తప్ప నేనేం చెప్పినా అది పోదు. హాలు నిండింది. ఒక ఇంజనీరింగ్ కాలేజీ, రెండు డిగ్రీ కాలేజీలు అటెండెన్స్ ఇస్తామని పంపిన విద్యార్థులతో నిండింది. నలభై నిమిషాలకు వెనక వరసలు కదలడం మొదలైంది. శాస్త్రవేత్త మంచి మనిషి, చివరిదాకా ఉన్న పదిహేను మందితో గంట సేపు ఓపిగ్గా మాట్లాడి వెళ్లారు. కమిటీ మాత్రం ఫొటో చూసి సూపర్ హిట్ అంది.

రిజిస్టర్‌లో దొరికింది

అప్పుడు రిజిస్టర్ అడిగాను. వచ్చినవాళ్ల పేరు, పేట, ఫోన్ నంబరు రాయించుకునే పాత పద్ధతి ఒకటి వాళ్లకుంది. నిజానికి ఈ కేసులో నాకు దొరికిన గొప్ప అదృష్టం అదే. ఎందుకు రాయిస్తున్నారో వాళ్లకే గుర్తులేదు, అలవాటుగా రాయిస్తున్నారు. ఇద్దరు కుర్రాళ్లను కూర్చోబెట్టి, కాలేజీలు పంపిన పేర్లు, సభ్యుల ఇళ్లవాళ్ల పేర్లు కొట్టేయించాను. మిగిలినవాళ్లలో రెండోసారి వచ్చిన పెద్దవాళ్లెవరో గుర్తు పెట్టమన్నాను. పేజీలకు పేజీలు తిప్పినా గుర్తు పడేది అక్కడొకటి, ఇక్కడొకటి. ఆగస్టు జాబితాలో ఉన్నవాళ్లలో మళ్లీ కనిపించింది ఏ కొద్దిమందో.

సమస్య రూపం దీంతో మారిపోయింది. జనం రావడం లేదనుకుని ప్రచారం పెంచుతున్నారు. జనం వస్తూనే ఉన్నారు. ఒక్కసారే వస్తున్నారు. ప్రచారం ఎంత పెంచితే ఊళ్లో అంత ఎక్కువమంది ఒకసారి వచ్చి నిరాశపడి వెళ్తారు. చిన్న ఊరు, అలా వెళ్లినవాళ్ల సంఖ్య పెరిగే కొద్దీ తర్వాత పిలవడానికి మనుషులుండరు.

ఎందుకు మళ్లీ రాలేదో అడగాలి. ఫారం పంపితే ఎవరూ నింపరు. అందుకని మందుల షాపు ఓనరు చేత ఫోన్లు చేయించాం. రోజూ వందమందితో మాట్లాడే మనిషి, సగం ఊరికి తెలిసిన గొంతు. ఆయనకు ఇచ్చిన సూచన ఒకటే: "బాగుందా అని అడక్కండి, బాగుందనే అంటారు. ఇంటికెళ్లాక ఇంట్లోవాళ్లకు ఏం చెప్పారో అడగండి."

చాలామంది ఏమీ చెప్పలేదన్నారు. చెప్పినవాళ్ల మాటల్లో మూడు మళ్లీ మళ్లీ వచ్చాయి. టెలిస్కోప్‌లో చూపిస్తారని వెళ్లాం, లెక్చర్ అయ్యేసరికి ఆలస్యమైంది. చూపించింది ఏమిటో అర్థం కాలేదు. ఒక ప్రశ్న అడగాలనుకున్నాం, అంతమందిలో మొహమాటమేసింది. ఆ ప్రశ్నేమిటని ఆయన తరచి అడిగితే, కొందరు నవ్వి దాటేశారు. ఒకావిడ మాత్రం, "శనిని చూపిస్తామన్నారు కదండీ, మా అబ్బాయికి ఏలినాటి శని నడుస్తోంది, చూడొచ్చో లేదో తెలీక వచ్చేశాం" అంది.

ఈ ఒక్క జవాబు కోసం ఫోన్లన్నీ చెయ్యొచ్చు.

ఏమేం మార్చాం, ఎందుకు

మొదట తేదీ. మూడో ఆదివారం అనడం గుర్తుంచుకోవడానికి సులువు, ఆ సౌకర్యం వదులుకోవడం మాస్టారికి ఇష్టం లేదు. కానీ ఆంగ్ల తేదీని బట్టి పోతే చంద్రుడు ఒక నెల ఉంటాడు, ఒక నెల ఉండడు, ఒక నెల నిండుగా ఉండి అన్నిటినీ మింగేస్తాడు. టౌన్ మధ్యలో వీధిలైట్ల కింద నికరంగా చూపించగలిగినవి చంద్రుడు, గ్రహాలు, కొన్ని జంట నక్షత్రాలు. చంద్రుడు అందంగా కనిపించేది పౌర్ణమికి కాదు. అప్పుడు ఎండ నిట్టనిలువునా పడి బిలాలకు నీడలుండవు. శుద్ధ అష్టమికి అటూ ఇటూ, వెలుగు చీకటి కలిసే గీత దగ్గర పర్వతాల నీడలు పొడుగ్గా పడతాయి. పైగా అష్టమి చంద్రుడు పొద్దుగూకేసరికే నడినెత్తి దగ్గర సిద్ధంగా ఉంటాడు. అందుకని శుద్ధ అష్టమికి దగ్గరి శనివారం అని నిర్ణయించాం. ప్రతి ఇంట్లో గోడ మీద తెలుగు క్యాలెండర్ ఉంటుంది, జనానికి ఇది మూడో ఆదివారం కన్నా కష్టమేమీ కాలేదు. నెబ్యులాలంటే ప్రాణమిచ్చే కుర్రాళ్లు అలిగారు. వాళ్లకు అమావాస్య రాత్రులు వదిలేశాం. ఊరి బయటికి సభ్యులు మాత్రమే వెళ్లేది.

ఈ పద్ధతికీ ఒక చిక్కుంది. ఆశ్వయుజ శుద్ధ అష్టమి అంటే దుర్గాష్టమే. 2024లో దగ్గరి శనివారం అక్టోబరు 12, సరిగ్గా విజయదశమి. ఆ నెల సభ ఎత్తేశాం. దసరా వెళ్లాక సాయంత్రాలు పడమట చూచిన్‌షాన్-అట్లాస్ తోకచుక్క కనిపించడంతో, అప్పటికప్పుడు వాట్సాప్‌లో మెసేజ్ పెట్టి ఊరి చివర బైనాక్యులర్లతో సరిపెట్టారు.

రెండోది చోటు. ఇది మా తెలివి కాదు. 2024 మార్చి 16న ఎన్నికల కోడ్ వచ్చింది, టౌన్ హాలు దొరకలేదు. ఒక ప్రైవేట్ స్కూలు వాళ్లు గ్రౌండ్ ఇచ్చారు. ఉగాది వెళ్లిన శనివారం, ఏప్రిల్ 13, చైత్ర శుద్ధ పంచమి. బల్లలు లేవు, ప్రొజెక్టర్ లేదు, ఒక నల్లబల్ల, ఒక చిన్న మైకు. టెలిస్కోపులు జనానికి పది అడుగుల్లో ఉన్నాయి. మాస్టారు మాట్లాడుతుండగానే జనం తలలెత్తి చంద్రుడి వైపు చూస్తున్నారు. హాలు తిరిగి దొరికాక కూడా వర్షాకాలానికి తప్ప అక్కడికి వెళ్లలేదు.

మూడోది ప్రసంగం. అరగంట మించకూడదు. విషయం ఆ రాత్రి ఐపీస్‌లో, అంటే టెలిస్కోప్‌కి కన్ను పెట్టి చూసే కటకంలో, కనిపించేదే. ఫొటోలు లేవు, మాస్టారు చాక్‌పీస్‌తో గీసేది మాత్రమే. ఎంత పరిమాణంలో కనిపిస్తుందో అంతే గీస్తారు. "గురుడు కందిగింజంత కనిపిస్తాడు, పక్కన నాలుగు చుక్కలు ఒకే వరసలో ఉంటాయి, ఎన్ని లెక్కపెట్టారో వచ్చి నాకు చెప్పాలి" అన్న ఒక్క మాటతో చూడటానికి ఒక పని దొరికేది. సన్మానాలు రద్దు. దీని మీద కమిటీలో పెద్ద గొడవే అయింది, శాలువా లేకుండా స్పీకర్‌ని పిలవడం ఎలా అని. టీ, సమోసా దగ్గర ఇస్తే సరే అన్నాను.

నాలుగోది వరస. ఇందులో చిన్న లెక్కుంది, ఏ సంఘానికైనా పనికొస్తుంది. కుర్రాళ్లు 6 మి.మీ. ఐపీస్ పెట్టి 200 రెట్లు పెద్దదిగా చూపించేవారు. పెద్దగా చూపిస్తే జనం సంతోషిస్తారని. డాబ్సోనియన్‌కి మోటారు లేదు. భూమి తిరుగుతుంటుంది కాబట్టి ఆ ఐపీస్‌లో గ్రహం ఈ అంచు నుంచి ఆ అంచుకు ఒక్క నిమిషంలో జారిపోతుంది. ఒకరు చూసి దిగేలోపు రెండో మనిషికి ఖాళీ ఆకాశం. మొహమాటంతో "కనిపించిందండీ" అని దిగిపోతారు. 12 మి.మీ.కి మారిస్తే 100 రెట్లు, జారడానికి రెండు నిమిషాలు. ఇద్దరు ముగ్గురికి ఒకసారి సర్దితే చాలు. పెద్దవాళ్లు వంగక్కర్లేకుండా రిఫ్రాక్టర్‌ని కుర్చీ ఎత్తుకు బిగించి చంద్రుడి మీద పెట్టాం.

చీటీల పెట్టె, శని

మొహమాటానికి మందుగా టీ బల్ల మీద ఒక స్వీట్ల డబ్బా, చింపిన కాగితాలు, పెన్నులు పెట్టాం. పేరు రాయనక్కర్లేదు. మాస్టారు వాటిని ముందు నెల తీసుకెళ్లి, వచ్చే ప్రసంగం వాటి చుట్టూ అల్లుకునేవారు. చంద్రుడి మీద జెండా ఈ టెలిస్కోప్‌లో కనిపిస్తుందా? పొద్దున్నే రైలు పెట్టెల్లా వరసగా పోయిన లైట్లేమిటి? (స్టార్‌లింక్ ఉపగ్రహాలు.) ధ్రువ నక్షత్రం మన ఊళ్లో అంత కిందెందుకుంటుంది? హాల్లో చెయ్యెత్తి ఎవరూ అడగని ప్రశ్నలివి. ఏలినాటి శని చీటీలు కూడా ఒకటికి రెండు వచ్చాయి.

కమిటీ రెండుగా చీలింది. హేతువాదం గట్టిగా ఉన్న ఒక సభ్యుడు, ఈ చీటీని వేదిక మీద చదివి నాలుగు చీవాట్లు పెట్టాలన్నారు. ఇంకొకరు అసలు శని పేరెత్తొద్దు, ఎవరి నమ్మకాలు వాళ్లవి, వలయాలున్న గ్రహం అంటే సరిపోతుందన్నారు. నాకు రెండూ నచ్చలేదు. చీవాట్లు పెడితే డబ్బాలో మళ్లీ చీటీ పడదు. పేరు దాస్తే, ధైర్యం చేసి రాసిన మనిషికి సంఘం భయపడిందని అర్థమవుతుంది. మాస్టారు కాసేపు ఆలోచించి, "ఏడున్నరేళ్లే ఎందుకు, ఎనిమిదెందుకు కాదు? అది చెప్తాను" అన్నారు. అంతకన్నా మంచి దారి నాకు తట్టేది కాదు.

2024 నవంబరు 9, కార్తీక శుద్ధ అష్టమి, శనివారం. శనివారం నాడు శనినా అని ఇద్దరు ముగ్గురు నసిగారు. పొద్దుగూకగానే పడమట శుక్రుడు, పైన అర్ధచంద్రుడు, చంద్రుడికి తూర్పు పక్కన శని. మాస్టారు నల్లబల్ల మీద పన్నెండు గళ్ల చక్రం గీశారు. శని సూర్యుణ్ణి చుట్టిరావడానికి సుమారు ఇరవై తొమ్మిదిన్నరేళ్లు. పన్నెండు రాశులకు పంచితే గడికి రెండున్నరేళ్లు. జన్మరాశి, దానికి ముందొకటి, వెనకొకటి, మూడు గళ్లు. మూడు రెండున్నరలు ఏడున్నర. "పంచాంగంలో శని ఇప్పుడు కుంభంలో ఉన్నాడని రాశారు. అదిగో, ఆ చుక్క ఉన్నది కుంభరాశి నక్షత్రాల్లోనే. మన పెద్దలు కంటితో చూసి వేసిన లెక్క ఇది, ఎంత ఓపిక ఉండాలి! లెక్క వరకు ఆకాశంలో కనిపిస్తుంది. దాని వల్ల మనకు మంచో చెడో జరుగుతుందన్నది మాత్రం నేను ఇన్నేళ్లలో ఏ టెలిస్కోప్‌లోనూ చూడలేదు. అక్కణ్ణుంచి వెలుగు మన కంటికి చేరడానికే గంటంబావు పడుతుంది." ఎవరినీ వెక్కిరించలేదు, తన మాట దాచుకోనూ లేదు.

ఇంకొక హెచ్చరిక కూడా చేశారు. ఆ ఏడాది వలయాలు మనకు దాదాపు పక్క నుంచి కనిపిస్తున్నాయి, 2025 మార్చికి పూర్తిగా అంచు తిరిగాయి. "క్యాలెండర్ బొమ్మలో ఉన్నంత వెడల్పుగా ఉండవు, గోళీకి సూది గుచ్చినట్టుంటుంది" అని గీసి చూపించారు.

వరస గేటు దాకా పోయింది. డాబ్సోనియన్ దగ్గర నిలబడ్డ కుర్రాడు ఒక పెద్దావిడను చెయ్యి పట్టుకుని స్టూలు మీద కూర్చోబెట్టి, "మామ్మగారూ, కన్ను ఆనించొద్దు, కొంచెం ఎడంగా పెట్టి చూడండి" అన్నాడు. ఆవిడ కొంగు సర్దుకుని చాలాసేపు చూసింది. "సూది కనిపించిందా?" "కనిపించింది నాయనా. ఇంతేనా? ఇంత పిసరంత ఆయనకా నేను ఇన్నాళ్లూ నూనె పోసింది?" వెనకున్నవాళ్లంతా పకపకా నవ్వారు, ఆవిడా నవ్వింది. దిగాక మళ్లీ ఆగి, "వచ్చే వారం కూడా పోస్తాలే, అది వేరు" అని వెళ్లిపోయింది. హేతువాది సభ్యుడు మొహం మాడ్చుకున్నారు. నాకు మాత్రం ఆ ఫలితం చాలు. సంఘం పని ఆకాశాన్ని దగ్గర చెయ్యడం. ఆవిడ తర్వాతి నెల కోడలిని, మనవల్ని వెంటబెట్టుకొచ్చిందని రిజిస్టర్ చెప్తోంది.

వర్షాకాలం

జూన్ నుంచి సెప్టెంబరు దాకా శనివారం అష్టమైనా, ఏకాదశైనా మబ్బే. 2024 జూలైలో గ్రౌండ్‌లో జనం వచ్చి కూర్చున్నాక చినుకులు మొదలై అందరూ స్కూలు వరండాలోకి పరుగెత్తారు. 'ఆకాశం లేకపోతే సభ లేదు' అనేస్తే నాలుగు నెలలు తెగిపోతుంది. అందుకని ఆ నెలల్లో హాలుకే వెళ్లి, మన నేల మీద జరిగిన ఖగోళ కథలు చెప్పించాం. ఆగస్టులో 1868 ఆగస్టు 18 సంపూర్ణ సూర్యగ్రహణం. ఫ్రాన్స్ నుంచి వచ్చిన జాన్సెన్ గుంటూరులో సూర్యజ్వాలల వర్ణపటం (వెలుగును రంగులుగా విడదీస్తే వచ్చే పట్టీ) చూసి, ఆ గీతల ప్రకాశానికి ఆశ్చర్యపోయి, మర్నాడు గ్రహణం లేకుండానే వాటిని మళ్లీ చూసిన వైనం. అదే రోజు మచిలీపట్నంలో మద్రాసు అబ్జర్వేటరీ నుంచి వచ్చిన పోగ్సన్. ఆ వర్ణపటంలో సోడియం గీత ఉండాల్సిన చోటికి సరిగ్గా కుదరని ఒక పసుపు గీత హీలియం అనే కొత్త మూలకానిదని తర్వాత తేలడం, 1895లో రామ్సే దాన్ని భూమి మీద పట్టుకోవడం. విశాఖలో గోడే వెంకట జగ్గారావు 1840లో పెట్టిన అబ్జర్వేటరీ, 1874లో శుక్రుడు సూర్యబింబం మీదుగా దాటడాన్ని అక్కడ అంకితం వెంకట నర్సింగరావు పరిశీలించడం. గుంటూరు, బందరు పేర్లు వినగానే హాల్లో నడుములు నిటారుగా లేచాయి. గురుత్వ తరంగాలకు లేవని నడుములు.

ఏం నిలిచింది

చంద్రయాన్ నాటి జనం మళ్లీ రాలేదు, రారు కూడా. మామూలు శనివారం యాభై, అరవై మంది. కమిటీలో కొందరికి ఇప్పటికీ అది తక్కువే. నేను చూసే లెక్క వేరు: రిజిస్టర్ ఏ పేజీ తీసినా రెండోసారి, మూడోసారి వచ్చిన పేర్లు కనిపిస్తున్నాయి, ఇంటిపేర్లు గుంపులుగా పడుతున్నాయి.

2025 సెప్టెంబరు 7 సంపూర్ణ చంద్రగ్రహణం దీనికి అసలు పరీక్ష. ఆదివారం రాత్రి 9:57కి పట్టడం మొదలై, 11 నుంచి 12:22 దాకా చంద్రుడు పూర్తిగా నీడలో. ఫ్లెక్సీ ఒక్కటీ కట్టలేదు, వాట్సాప్‌లో మెసేజ్ మాత్రమే. ముందు నెల చీటీల్లో సగం గ్రహణ సమయంలో తిండి, గర్భిణుల గురించే ఉండటంతో మాస్టారు వాటితోనే మొదలుపెట్టారు. గ్రహణంలో అందరం కలిసి ఉప్మా తిని చూపిద్దామన్న ప్రతిపాదన వచ్చింది. వద్దన్నాను. తినని మనిషిని అందరి ముందు నిలబెట్టినట్టవుతుంది. టీ క్యాను ఎప్పటిలాగే బల్ల మీద ఉంచాం, కావలసినవాళ్లు తాగారు. మబ్బులు వస్తూ పోతూ ఉన్నాయి. ఎర్రబడ్డ చంద్రుడు కనిపించిన ప్రతిసారీ గ్రౌండ్‌లో కేక లేచింది. 2023 అక్టోబరు గ్రహణంతో దీన్ని పోల్చడం పూర్తిగా న్యాయం కాదు, అది చిన్నది, వేళగాని వేళ పట్టింది. అయినా ఈసారి వచ్చినవాళ్లలో ఎక్కువమంది పాతవాళ్లు, కొత్తవాళ్లను వాళ్లే తెచ్చారు.

ఇలాంటి సంఘం ఎవరైనా పిలిస్తే ఇప్పుడు నేను ముందడిగేది రిజిస్టర్. లేకపోతే ఆ నెల నుంచే పెట్టిస్తాను, మిగతా సలహాలు మూడు నెలలాగి ఇస్తాను. కాలేజీలు పంపిన గుంపును విడిగా రాయిస్తాను. వాళ్లను వద్దనను, కానీ ఆ సంఖ్య అసలు లెక్కను కప్పేయకూడదు. సభలో నేను కూర్చునే చోటు కూడా మారింది. ముందు వరస వదిలేసి టెలిస్కోప్ వరస చివర నిలబడతాను. ఎవరు చూడకుండా వెళ్లిపోతున్నారో అక్కడే కనిపిస్తుంది.

తేలని సంగతులు రెండున్నాయి. ఎనిమిది దాటితే చుట్టుపక్కల ఊళ్లకు బస్సుల్లేవు, ఆడవాళ్లు వరసలో ఉండగానే వెళ్లిపోవాల్సి వస్తోంది. వాళ్లకు ముందు చూపించేలా వరస విడగొట్టాం, అది సగం పరిష్కారమే. రెండోది మాస్టారు. నల్లబల్ల, చీటీలు, శని, అన్నీ ఆయన గొంతు మీదే నడుస్తున్నాయి, ఆయనకు డెబ్బై దాటాయి. డిగ్రీ చదివే ఇద్దరమ్మాయిలు చీటీల్లోంచి తేలికైనవి ఏరుకుని మొదటి పది నిమిషాలు చెప్పడం మొదలుపెట్టారు. పోయిన నెల ధ్రువ నక్షత్రం చీటీ వాళ్లకే వెళ్లింది. బల్ల మీద భూమి బొమ్మ తలకిందులుగా గీశారు, ముందు వరసలో మాస్టారు లేవబోయి, మళ్లీ కూర్చున్నారు. జనంలోంచి ఒక ఆటో డ్రైవర్ సరిదిద్దాడు.